సాయంత్రమైతే 99.2, పొద్దున 97.7: ఇది జ్వరమేనా?

హాస్టల్_పిల్ల
వారం పైనే అయింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒళ్ళు వెచ్చగా, కళ్ళు మంటగా ఉంటున్నాయి. డిజిటల్ థర్మామీటర్ కొని నాలుక కింద పెట్టి చూస్తున్నాను. సాయంత్రం ఆరేడు గంటలకు 99.2, ఒక్కోసారి 99.4. పొద్దున లేవగానే చూస్తే 97.7. అమ్మకు చెప్తే "అది లోజ్వరం, ముందు ఊరికొచ్చెయ్" అని గోల. శనివారం ఊరెళ్తే అక్కడి ఆర్‌ఎంపీ వైడల్ పరీక్ష చేయించి "టైఫాయిడ్ ఉందమ్మా, ఐదు రోజులు ఇంజెక్షన్లు, సెలైన్" అన్నాడు. రిపోర్టులో 1:80 అని ఉంది. రేపు మొదలుపెడదాం అంటున్నారు. నాకేమో ఆకలి బాగానే ఉంది, దగ్గు లేదు, వాంతులు లేవు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, 98.6 దాటితే జ్వరమే కదా అని. నిజంగా ఇది జ్వరమేనా? ఈ ఇంజెక్షన్లు వేయించుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పెసరట్టు_ఉప్మా
99.2కే సెలైన్ ఎక్కిస్తారా! సోమవారం మా మేనేజర్‌కి ఈ లెక్క చూపిస్తాను.

విశాఖ_సిస్టర్
స్టాఫ్ నర్సుని, వార్డులో ఈ పని రోజూ చేస్తాను కాబట్టి చెప్తున్నాను. మన ఒంటి వేడి రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య ఎక్కువ. ఏ రోగమూ లేని మనిషికి కూడా ఈ రెంటికీ మధ్య ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ దాకా తేడా మామూలే, కొందరికి అంతకంటే ఎక్కువ కూడా. మెడికల్ పుస్తకాల్లో పెద్దవాళ్ళకు నోట్లో చూసినప్పుడు పొద్దున 98.9 దాటితే, సాయంత్రం 99.9 దాటితే జ్వరం అని రాస్తారు. అంటే మీ 99.2 పొద్దున వచ్చి ఉంటే నేను కొంచెం ఆలోచించేదాన్ని. సాయంత్రం వచ్చింది కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి జ్వరం అనను.

ఇంకో మాట. చూసే ముందు టీ, కాఫీ తాగారా? మెట్లెక్కి వచ్చి వెంటనే పెట్టారా? వేడివి, చల్లవి తాగాక అరగంట ఆగాలి. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చాలి. హాస్టల్ నాలుగో అంతస్తు ఎక్కి వచ్చి వెంటనే పెడితే ఎవరికైనా పెరుగుతుంది.

హాస్టల్_పిల్ల
@విశాఖ_సిస్టర్ టీ తాగాకే చూస్తున్నానండీ. అంతస్తు మూడోది, లిఫ్ట్ లేదు.

పెసరట్టు_ఉప్మా
లిఫ్ట్ పెట్టిస్తే టైఫాయిడ్ తగ్గుతుందన్నమాట.

తెనాలి_తాతయ్య
మా కాలంలో ఈ మిషన్లు ఎక్కడివి? అమ్మ మెడ మీద చేయి పెట్టి చెప్పేది జ్వరం ఉందో లేదో. ఎప్పుడూ తప్పలేదు. లోజ్వరం అనేది ఉంది, మీ థర్మామీటర్‌కి అది దొరకదు. లంఖణం పరమౌషధం. రెండు పూటలు అన్నం మానేసి మిరియాల కషాయం తాగితే అదే పోతుంది.

విశాఖ_సిస్టర్
తాతయ్యగారూ, చేయి పెట్టి చూసి "జ్వరం లేదు" అంటే ఆ మాట చాలావరకు నమ్మొచ్చు. "ఉంది" అంటే మాత్రం థర్మామీటర్‌తో సరిచూసుకోవాలి. చూసేవాళ్ళ చేయి చల్లగా ఉంటే ఎవరి మెడైనా కాలిపోతున్నట్టే ఉంటుంది. గిన్నెలు కడిగి వచ్చి పిల్లాడి నుదురు పట్టుకుని కంగారు పడే తల్లుల్ని ఎంతమందిని చూశానో.

ఇక లోజ్వరం అని మనవాళ్ళు అనేదాంట్లో ఒళ్ళునొప్పులు, నీరసం, నోరు చేదు, నిద్ర లేకపోవడం అన్నీ కలిసిపోయి ఉంటాయి. బాధ నిజమే, దానికి కారణం వెతకాలి. థర్మామీటర్‌కి దొరకని వేడి అంటూ లోపల ఎక్కడా దాక్కోదు. లంఖణం మాత్రం వద్దు. జ్వరంలో ఒంటికి ఖర్చు ఎక్కువ. ఇడ్లీ, జావ, మజ్జిగ, ఏది సహిస్తే అది తిననివ్వండి.

తెనాలి_తాతయ్య
మజ్జిగా? జ్వరంలోనా? రామ రామ.

పాతకాగితాలు
ఈ 98.6 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, ఎవరూ చెప్పేలా లేరు. జర్మనీలో లైప్‌జిగ్‌లో వుండర్‌లిష్ అనే డాక్టర్ ఉండేవాడు. సుమారు 25,000 మంది రోగుల చంకల్లో థర్మామీటర్ పెట్టి లక్షల కొద్దీ రీడింగులు రాయించి 1868లో పుస్తకం వేశాడు. అప్పటి థర్మామీటర్ ఒక అడుగు పొడుగు, పదిహేను ఇరవై నిమిషాలు కదలకుండా పెట్టుకోవాలి. సగటు 37 సెల్సియస్ అన్నాడు. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 అయింది. ఆ దశాంశం చూసి ఏదో మహా కచ్చితమైన లెక్క అనుకుంటున్నాం. తమాషా ఏమిటంటే, పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ అని ఆయనే రాశాడు. 38 సెల్సియస్ దాకా మామూలే అని కూడా ఆయనే అన్నాడు. జనం ఆ సగాన్ని వదిలేసి ఒక్క అంకె పట్టుకున్నారు.

1992లో అమెరికాలో మేరీలాండ్‌లో మాకోవియాక్ బృందం 148 మంది ఆరోగ్యవంతుల్ని మళ్ళీ కొలిచింది. నోట్లో సగటు 98.2 వచ్చింది. మొత్తం రీడింగుల్లో సరిగ్గా 98.6 చూపించినవి 8 శాతమే. ఫిలడెల్ఫియా మ్యూజియంలో వుండర్‌లిష్ థర్మామీటర్ ఒకటి ఉంటే దాన్ని కూడా పరీక్షించారు. ఇప్పటివాటి కంటే ఒక డిగ్రీ సెల్సియస్‌కు పైనే ఎక్కువ చూపించింది.

అంతే కాదు, 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అమెరికా అంతర్యుద్ధ సైనికుల రికార్డుల దగ్గర్నుంచి ఇప్పటిదాకా పోల్చి చూశారు. పుట్టిన సంవత్సరం ఒక్కో దశాబ్దం ముందుకొచ్చే కొద్దీ సగటు ఒంటి వేడి సుమారు 0.03 సెల్సియస్ తగ్గుతూ వచ్చిందట. అప్పట్లో క్షయ, పంటి జబ్బుల్లాంటివి ఒంట్లో ఎప్పుడూ ఉండేవి, అవి తగ్గడం వల్ల కావచ్చు అని వాళ్ళ ఊహ.

పెసరట్టు_ఉప్మా
అంటే మా తాత నాకంటే హాట్ అన్నమాట. ఫోటో చూసినప్పుడే అనుకున్నాను.

ఓరుగల్లు_వాసి
అందరూ కలిసి "మామూలే, మామూలే" అంటున్నారు, నాకు నచ్చలేదు. నాకూ అలాగే చెప్పారు. రోజూ సాయంత్రం 99.5, 100 వచ్చేది. రాత్రి చెమటకు బనీను పిండుకోవాల్సి వచ్చేది. ప్యాంట్లు వదులయ్యాయి. నేనేమో తిండి సరిగ్గా లేక అనుకున్నాను. చిన్న దగ్గే కదా అని సిరప్ తాగుతూ కూర్చున్నా. చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాను, ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉన్నాను. మన దేశంలో డాక్టర్లు "సాయంత్రం పూట జ్వరం వస్తుందా" అని ఊరికే అడగరు. @హాస్టల్_పిల్ల బరువు తగ్గారా? రాత్రి చెమటలు పడుతున్నాయా? మెడ దగ్గర గడ్డలేమైనా ఉన్నాయా? చెప్పండి.

విశాఖ_సిస్టర్
@ఓరుగల్లు_వాసి అన్నది పూర్తిగా నిజం. నేను అంకె గురించి చెప్పాను, ఆయన మనిషి గురించి అడుగుతున్నారు. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏది ఉన్నా థర్మామీటర్ ఎంత చూపించినా టీబీ పరీక్షకు వెళ్ళాల్సిందే.

హాస్టల్_పిల్ల
బరువు తగ్గలేదు, హాస్టల్ బిర్యానీ వల్ల పెరిగాను. చెమటలు లేవు. గడ్డలూ లేవు. గుండె కొంచెం దడగా ఉంటోంది, అది టెన్షన్ అనుకుంటున్నాను.

ల్యాబ్_టెక్నీషియన్
వైడల్ గురించి నేను చెప్పాలి, పదేళ్ళుగా ఆ పరీక్షే చేస్తున్నాను. అది టైఫాయిడ్ క్రిమిని వెతికే పరీక్ష కాదు, ఆ క్రిమికి వ్యతిరేకంగా రక్తంలో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. ఎప్పుడో చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి పోయినా, టీకా వేయించుకున్నా, ఇంకేదో జ్వరం తగిలినా అది పాజిటివ్ రావచ్చు. మన రాష్ట్రాల్లో టైఫాయిడ్ ఎక్కువ కాబట్టి 1:80 అనేది, అంటే రక్తరసాన్ని 80 రెట్లు పలచన చేసినా యాంటీబాడీలు కనిపించడం, నిక్షేపంగా తిరుగుతున్న మనుషుల్లో కూడా కనిపిస్తుంది. ఇక్కడ పది మంది రక్తం ఇవ్వండి, ఒకరిద్దరికి నేనే టైఫాయిడ్ తెప్పిస్తాను.

అసలు టైఫాయిడ్ జ్వరం వేరేగా ఉంటుంది. రోజురోజుకూ పెరుగుతూ వారం తిరిగేసరికి 103, 104 దాకా పోతుంది. తలనొప్పి, కడుపునొప్పి, నాలుక మీద తెల్లటి పూత, మనిషి మంచానికి అతుక్కుపోతాడు. బిర్యానీ తిని బరువు పెరగడు. నిజంగా అనుమానం ఉంటే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించాలి, అదీ యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్ళకముందే. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే, అందుకే ఎవరూ రాయరు. రేపు ఇంజెక్షన్ మొదలుపెట్టేస్తే ఆ తర్వాత కల్చర్ చేసినా ఏమీ పెరగకపోవచ్చు. ముందు ఒక ఎంబీబీఎస్, కుదిరితే ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించుకోండి.

జనగామ_జాన్
ఆర్‌ఎంపీల మీద పడకండి ఊరికే. మా ఊళ్ళో రాత్రి రెండింటికి తలుపు కొడితే తీసేది ఆయనొక్కడే. మీ ఎండీ డాక్టర్ నలభై కిలోమీటర్ల అవతల ఉంటాడు, ఫోన్ కూడా ఎత్తడు.

ల్యాబ్_టెక్నీషియన్
@జనగామ_జాన్ తలుపు తీసినందుకు ఆయనకు దండం. 1:80 చూసి ఐదు రోజులు ఇంజెక్షన్ రాసినందుకు మాత్రం కాదు. ఆ ఇంజెక్షన్లు అవసరం లేనివాళ్ళకు ఇచ్చీ ఇచ్చీ నిజంగా టైఫాయిడ్ వచ్చినవాళ్ళకు మందులు పనిచేయకుండా పోతున్నాయి.

జనగామ_జాన్
అది ఒప్పుకుంటాను. కానీ సూది వేయకపోతే "ఏం డాక్టర్ రా వీడు" అనేది మనవాళ్ళే కదా.

గోదారి_గట్టు
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే చెప్తాను. ఆడవాళ్ళకు నెలసరికి ముందు రెండు వారాలు, అంటే అండం విడుదలయ్యాక, ఒంటి వేడి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ దాకా పెరిగి ఉంటుంది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల. నెలసరి రాగానే దిగిపోతుంది. పిల్లల కోసం ప్రయత్నించేవాళ్ళు తెల్లవారుజామున లేవకముందే చూసి చార్ట్ రాసుకునేది ఇందుకే, నేనూ రాశాను. తేదీలు కలిపి చూసుకో చెల్లీ.

హాస్టల్_పిల్ల
@గోదారి_గట్టు అక్కా, తేదీలు దాదాపు కలుస్తున్నాయి! నాలుగైదు రోజుల్లో రావాలి. ఇది నాకు ఒక్కరూ చెప్పలేదు.

డాలస్_అమ్మ
ఇక్కడ డేకేర్ వాళ్ళ దగ్గర నుంచి ఫోన్ వస్తే నాకు నిజంగానే జ్వరం వస్తుంది. మా వాడిది 100.4 చూపిస్తే వెంటనే వచ్చి తీసుకెళ్ళండి అంటారు. జ్వరం పూర్తిగా తగ్గాక, అదీ మందు వేయకుండా, 24 గంటలు గడిస్తేనే మళ్ళీ రానిస్తారు. 100.3 అయితే ఆడుకోనిస్తారు. ఆ ఒక్క పాయింట్‌లో ఏముందో దేవుడికే తెలియాలి.

మెల్‌బోర్న్_మామయ్య
@డాలస్_అమ్మ 100.4 అంటే 38 సెల్సియస్, అందుకని ఆ వింత అంకె. మాకిక్కడ గుండ్రంగా 38. మా అత్తగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి "బాబుకి ఎంత ఉంది" అంటే 38.5 అన్నాను. "అమ్మయ్య, తక్కువే కదా" అని పెట్టేశారు.

పిల్లల_వార్డు
పిల్లల గురించి మాట వచ్చింది కాబట్టి. మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 ఉంటే ఇంట్లో కూర్చోకూడదు. పాలు తాగుతున్నా, నవ్వుతున్నా సరే, అదే గంటలో ఆసుపత్రికి. పొత్తిగుడ్డలో చుట్టేసి వెచ్చగా ఉంది అనుకోవడం కాదు, చుట్టింది విప్పి కాసేపాగి మళ్ళీ చూడండి, అప్పటికీ ఉంటే బయలుదేరండి. కాస్త పెద్ద పిల్లల్లో మాత్రం అంకె కంటే పిల్ల ఎలా ఉంది అన్నదే ముఖ్యం. 103 ఉన్నా మందు పడ్డాక లేచి ఆడే పిల్ల కంటే, 101తో మగతగా పడి ఉండి నీళ్ళు కూడా తాగని పిల్లను చూసి నేను ఎక్కువ భయపడతాను.

పారాసిటమాల్ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్ళీ వేయాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. చెంచా లెక్కలు, పక్కింటి పిల్లాడి డోసు వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. ఐస్ నీళ్ళతో తుడవకండి, వణుకు పుట్టి లోపల వేడి ఇంకా పెరుగుతుంది.

కర్నూలు_కొండారెడ్డిబురుజు
మా అన్న కొడుక్కి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఇల్లంతా ఏడుపులు, ఒకరు చేతిలో తాళాలగుత్తి పెడుతున్నారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తున్నారు. అలా వస్తే ఏం చేయాలి?

పిల్లల_వార్డు
@కర్నూలు_కొండారెడ్డిబురుజు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. మొదటిసారి వస్తే ఆగిపోయినా చూపించాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో వస్తాయి, చాలామందికి పెద్దయ్యాక పోతాయి. తాళాలు బీరువాకి వాడుకోండి.

నెల్లూరు_చేపలపులుసు
ముసలివాళ్ళ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. మా నాన్నకు ఎప్పుడు చూసినా 96.8, 97 ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఏం మాట్లాడుతున్నాడో తెలియట్లేదు, అన్నం వద్దన్నాడు. థర్మామీటర్‌లో 98.9. జ్వరం లేదు కదా, వయసు ప్రభావం అన్నారు ఇంట్లో. ఊపిరి వేగంగా తీస్తున్నాడని నాకు అనుమానం వచ్చి తీసుకెళ్తే ఎక్స్‌రేలో నిమోనియా. డాక్టర్ చెప్పింది ఏమిటంటే, ముసలివాళ్ళకు నోట్లో ఒక్కసారి 100 దాటినా గట్టి జ్వరం కిందే లెక్క. మళ్ళీ మళ్ళీ 99 దాటినా, వాళ్ళ మామూలు కంటే రెండు డిగ్రీలు పెరిగినా జ్వరమే. అందుకే బాగున్నప్పుడు ఎంత ఉంటుందో ఒకసారి చూసి రాసి పెట్టుకోవాలి. మా ఫ్రిజ్ మీద నాన్నది, అమ్మది అంటించి ఉంటాయి.

తెనాలి_తాతయ్య
నాది కూడా చూశాను ఇప్పుడే. 97.1. పాదరసం థర్మామీటర్, 1988లో కొన్నది. బాగా విదిలించి మరీ పెట్టాను.

విశాఖ_సిస్టర్
తాతయ్యగారూ మంచి పని చేశారు. అది పగిలితే మాత్రం పాదరసాన్ని చీపురుతో ఊడ్చకండి, చేత్తో ముట్టుకోకండి. కిటికీలు తీసి, అట్టముక్కతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయండి.

బ్యాంకు_క్యూ
కరోనా రోజుల్లో మా బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి నుదుటికి గన్ పెట్టి "92, లోపలికెళ్ళండి సార్" అనేవాడు. 92 ఉంటే నన్ను పంపాల్సింది బ్యాంకుకి కాదు, ఐసీయూకి.

విశాఖ_సిస్టర్
ఆ గన్‌లు చర్మం వేడిని చూసి లోపలి వేడిని అంచనా కడతాయి. ఏసీ కారు దిగి వస్తే తక్కువ, ఎండలో క్యూలో నిలబడితే ఎక్కువ. అనుమానం వస్తే నోట్లో గానీ చంకలో గానీ మళ్ళీ చూడాలి. చంకలో తక్కువ చూపిస్తుంది. కొందరు దానికి ఒకటి కలిపి చెప్తారు, ఆ లెక్క అందరికీ కుదరదు. వచ్చిన అంకె చెప్పి "చంకలో చూశాను" అనండి చాలు.

రెంటచింతల_ఎండ
మా వైపు మే నెలలో పొలం నుంచి వచ్చి పడిపోయినవాడికి పారాసిటమాల్ మింగిస్తారు. అది జ్వరం కాదురా నాయనా, వడదెబ్బ. జ్వరంలో మెదడే వేడి పెంచమని చెప్తుంది, అందుకే ముందు చలి పుట్టి దుప్పటి కావాలంటాడు. మందు ఆ ఆదేశాన్ని దించుతుంది. వడదెబ్బలో మెదడు ఏ ఆదేశమూ ఇవ్వలేదు, ఒళ్ళు వేడిని బయటికి పంపలేక చేతులెత్తేసింది. మాత్ర ఏం చేస్తుంది? 104 ఉండి మాట తడబడుతుంటే నీడలోకి లాగి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసిరి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి.

ఓరుగల్లు_వాసి
ఇది మంచి మాట. దీనికి ఉల్టా డెంగీ. జ్వరం దిగింది, గండం గడిచింది అని మా బావమరిది ఆఫీసుకు బయలుదేరాడు. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగేటప్పుడే అసలు ప్రమాదం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన మగత కనిపిస్తే థర్మామీటర్‌లో 98 ఉన్నా పరిగెత్తాలి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టొద్దు.

పెసరట్టు_ఉప్మా
ఎక్కువ ఉన్నా భయమే, తక్కువ ఉన్నా భయమే, మామూలుగా ఉన్నా భయమే. నేను థర్మామీటర్ అమ్మేస్తున్నాను, ఎవరికైనా కావాలా?

హాస్టల్_పిల్ల
ఇంజెక్షన్లు వద్దని చెప్పి హైదరాబాద్ వచ్చేశాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. జనరల్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించుకున్నాను. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉన్నాయి. టైఫాయిడ్ లక్షణాలేవీ లేవన్నారు. వైడల్ కాగితం పక్కన పెట్టేశారు. టీ తాగకుండా, అరగంట కూర్చున్నాక చూస్తే సాయంత్రం 98.8 వస్తోంది. గుండె దడ గురించి మాత్రం గుచ్చి గుచ్చి అడిగి, నా చేతులు చాపమని వేళ్ళు వణుకుతున్నాయా అని చూసి, థైరాయిడ్ పరీక్ష రాశారు. రిపోర్ట్ రేపు. థైరాయిడ్‌కి ఒళ్ళు వెచ్చబడడానికి సంబంధం ఉందా?

విశాఖ_సిస్టర్
ఉంది. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది. దడ, చెమట, చేతుల వణుకు, ఉక్క తట్టుకోలేకపోవడం, నిద్ర పట్టకపోవడం అన్నీ ఉంటాయి. చాలామంది బరువు తగ్గుతారు, ఆకలి పెరిగి కొద్దిమంది పెరుగుతారు కూడా. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) బాగా తక్కువ వస్తే ఆ డాక్టర్‌నే మళ్ళీ కలవండి. సరిగ్గా ఉంటే దడకు కారణం వేరే వెతుకుతారు. ఈలోగా పూటపూటకూ థర్మామీటర్ పెట్టుకోకండి.

గోదారి_గట్టు
నెలసరి వచ్చాక ఒక్కసారి చూడు చెల్లీ, తగ్గిందో లేదో. ఎంత ఉందో ఇక్కడ పెట్టు.